గుండు విసిరే పిల్లకి ఒకే కాలేజీ

బెంటన్‌విల్,
జూన్ 12, 2011

అక్కా,

నువ్వూ, బావగారూ, ఆశిష్ బావున్నారని మొన్న ఫోన్‌లోనే తెలిసింది. ఆ తర్వాత నాలుగో నిమిషంలో నువ్వు ఫోన్ పెట్టేశావు కాబట్టి మిగతాది కాగితం మీద పెడుతున్నాను. "మీ అక్కాతమ్ముళ్ళు ఉత్తరాలు రాసుకోండి. ఒకరు చెప్పడం అయ్యేదాకా రెండోవాళ్ళు ఆగక తప్పదు" అని మీనా సలహా.

సంగతేమిటంటే, మన ఉజ్వల స్టేట్ మీట్‌లో షాట్‌పుట్ ముప్ఫై ఎనిమిది అడుగుల ఏడు అంగుళాలు విసిరింది. ఆర్కన్సా మొత్తానికి మూడో స్థానం. "ఇంకా ఆ ఇనప గుండు మానలేదా?" అన్నావు నువ్వు. మానలేదక్కా. ఏడో క్లాసులో ఉండగా స్కూల్ ఫంక్షన్‌లో రెండు చంకల్లో రెండు మడత బల్లలు పెట్టుకుని తాపీగా నడిచిపోతుంటే చూసి, వాళ్ళ పీటీ టీచర్ దాని చేతిలో గుండు పెట్టింది. అప్పటినుంచీ అదే లోకం.

ఇప్పుడు కాలేజీల కోచ్‌లు ఈమెయిల్స్ పెడుతున్నారు. ముఖ్యంగా ఇద్దరు. ఒకరిది మసాచుసెట్స్‌లో థార్న్‌లీ కాలేజీ, ఇంకొకరిది అప్‌స్టేట్ న్యూయార్క్‌లో ఎల్డర్‌బ్రిడ్జ్ కాలేజీ. రెండూ చిన్నవి, ఒక్కోదాంట్లో రెండువేలమంది పిల్లలు. లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. సీటు దొరకడం మహా కష్టమట. మా ఆఫీస్‌లో మనవాళ్ళు పాతికమంది ఉన్నారు, ఒక్కరికీ ఈ పేర్లు తెలీవు.

ఆ కోచ్‌లు అడిగేది ఒకటే: "ఎర్లీ డెసిషన్‌లో వస్తావా?" అంటే నవంబర్‌లో ఒక్క కాలేజీని ఎంచుకుని, సీటిస్తే తప్పకుండా చేరతానని సంతకం పెట్టాలి. పిల్ల, మాలో ఒకరు, స్కూల్ కౌన్సెలర్, ముగ్గురూ పెట్టాలి. డిసెంబర్‌లో జవాబొస్తుంది. అవునంటే మిగతా కాలేజీల దారి మూసుకున్నట్టే.

ఆశిష్‌కి పదిహేడేళ్ళకే మెడిసిన్ సీటు తెప్పించిన దానివి. నీకు తెలిసినంత నాకు తెలీదు. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు
హర్షవర్ధన్


ప్లెయిన్స్‌బరో,
జూన్ 21, 2011

ఒరేయ్ హర్షా,

నాలుగో నిమిషం కాదు, ఏడో నిమిషం. ఫోన్ బిల్లు తీసి చూసుకో.

నీ ఉత్తరం లంచ్ టైమ్‌లో ల్యాబ్‌లో చదివాను. లిబరల్ ఆర్ట్స్ అన్న మాట దగ్గర చారు పొలమారింది. లెక్కల్లో అన్నీ ఏ గ్రేడ్లే వచ్చే పిల్లని బొమ్మలు గీసే కాలేజీకి పంపుతావా? మీ బావని అడిగితే "అదేదో నాటకాలు అవీ నేర్పుతారనుకుంటా" అన్నారు. ఆయనకీ తెలీదని అర్థం.

పైగా ఒక్కదానికే అప్లై చేసి సంతకం పెట్టడమేమిటి? నేను ఓక్ ట్రీ రోడ్ మీద చీర కొనాలంటే ఆరు షాపులు తిరుగుతాను, మొదటి షాపుకే మళ్ళీ వస్తాను, అయినా తిరుగుతాను. పదిహేను కాలేజీలకి పెట్టించు. ఏప్రిల్‌లో అన్నీ బల్ల మీద పరుచుకుని చూసుకోండి. పదిహేడేళ్ళ పిల్ల చేత ఎక్కడా కట్టుబడే సంతకం పెట్టించకు. ఈ ఒక్క మాటా వినరా.

ఇంతకీ ఏం చదువుతానంటోంది?

మీనాని అడిగానని చెప్పు.

అక్క
పద్మిని


బెంటన్‌విల్,
జూలై 18, 2011

అక్కా,

బొమ్మలు కాదు, నాటకాలు కాదు. అన్ని సబ్జెక్టులూ ఉంటాయి. క్లాసుకి పదిహేనుమందే ఉంటారు, ప్రొఫెసర్లే స్వయంగా చెప్తారు. ఉజ్వల జియాలజీ చదువుతానంటోంది. అవును, రాళ్ళు. గుండు విసరడం, రాళ్ళు చదవడం. నువ్వు ఏమంటావో నాకు ఇక్కడికే వినిపిస్తోంది.

చీర పోలిక ఇక్కడ కుదరదు. ఇది తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిది. ఎందుకంటే ఒక్కో కోచ్‌కీ కొన్ని పేర్లే ఇచ్చే వీలుంటుంది. "ఈ పిల్ల నాకు కావాలి" అని అడ్మిషన్స్ ఆఫీస్‌కి ఆ నాలుగు పేర్లే చెప్పగలరు. ఆ మాట తప్పకుండా వచ్చే పిల్ల కోసం వాడతారు గానీ, పదిహేను షాపులు తిరిగే పిల్ల కోసం వాడరు. అందుకని కోచ్ మాటసాయం కావాలంటే ఎర్లీ డెసిషనే దారి. మనం ఏప్రిల్ దాకా ఆగితే ఆ నాలుగు పేర్లూ డిసెంబర్‌కే అయిపోతాయి.

ఎల్డర్‌బ్రిడ్జ్ కోచ్ పేరు బ్రెనన్. ఆవిడ మొన్న ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఉజ్వల మార్కులూ, టెస్ట్ స్కోర్లూ తీసుకెళ్ళి అడ్మిషన్స్‌వాళ్ళకి ముందుగానే చూపించిందట. దాన్ని ప్రీ-రీడ్ అంటారు. వాళ్ళు బావుందన్నారు. "అక్టోబర్ పదిహేను లోపల నాకు మాటిస్తే నా నాలుగు పేర్లలో ఉజ్వల పేరు పెడతాను" అంది. తీసుకున్నట్టేనని నాకనిపించింది.

థార్న్‌లీ కోచ్ ఈమెయిల్స్ ఇంకా తియ్యగా ఉంటాయి. "నువ్వు అప్లై చేస్తే మాకెంతో సంతోషం" అంటాడు. ఆ సంతోషంలో మన వంతు ఎంతో మాత్రం చెప్పడు. కానీ పేరు చూస్తే అదే పెద్దది. ఉజ్వల గది గోడ మీద ఉన్నదీ దాని ఫొటోయే.

హర్ష


ప్లెయిన్స్‌బరో,
జూలై 29, 2011

నా బంగారు తమ్ముడికి,

ఎంత చల్లని కబురు రాశావురా! తీసుకున్నట్టేనంటే ఇంకేం కావాలి? నేను రాసిందంతా మర్చిపో. ఉత్తరం వచ్చిన రోజే కృష్ణకుమారిగారింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం అవగానే అందరికీ చెప్పేశాను. మా ఇంటినుంచి అరవై లడ్డూలు చేసి పట్టుకెళ్ళి పంచాను. ఆటల మీద సీటొచ్చిందంటే ఫుల్ స్కాలర్‌షిప్పేగా? అదీ చెప్పాను. విశ్వనాథంగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "మన తెలుగుపిల్ల షాట్‌పుట్టా!" అని ఆయన ఫ్రిస్కోలో వాళ్ళ అబ్బాయికి అక్కణ్నుంచే ఫోన్.

నీ అడ్రస్ అడిగిన వాళ్ళందరికీ ఇచ్చాను. కార్డులొస్తాయి చూసుకో.

ఆశిష్ ఒక్కడే లడ్డూ తినలేదు. సెలవలకి వచ్చినవాడు గదిలోంచి రావడం లేదు. చదువు ఎక్కువైనట్టుంది.

ఆశీస్సులతో
అక్క


బెంటన్‌విల్,
ఆగస్టు 13, 2011

పద్మినక్కకి,

పదిహేడు కార్డులొచ్చాయి. ఫ్రిస్కోనుంచి ఒక పళ్ళబుట్ట కూడా వచ్చింది. దాని మీద "కంగ్రాచ్యులేషన్స్ ఆన్ యువర్ ఫుల్ స్కాలర్‌షిప్, ఉజ్జ్వల్" అని రాసుంది. మగపిల్లాడనుకున్నారు.

సీటు రాలేదక్కా! అప్లికేషనే మొదలవలేదు. ప్రీ-రీడ్ అంటే సీటు కాదు. పైగా ఈ కాలేజీల్లో ఆటలకి స్కాలర్‌షిప్పే లేదు, రూల్ ప్రకారమే ఇవ్వరు. ఇంటి ఆదాయం చూసి ఇచ్చే సాయం ఒక్కటే ఉంటుంది. మేం ఆ లెక్క సరిచూసుకున్నాం, ఇబ్బంది లేదు. అది కాదు సమస్య. మొన్న గుడిలో ముగ్గురు ఆంటీలు ఉజ్వలని పట్టుకుని అభినందించారు. అది వాళ్ళకేం చెప్పాలో తెలీక చెప్పులు కూడా వేసుకోకుండా కార్లోకి వచ్చి కూర్చుంది. "నాన్నా, ఇప్పుడు నాకు సీటు రాకపోతే నేను ఒక కంట్రీ మొత్తానికి అపాలజీ చెప్పాలి" అంది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇంటికొచ్చేసరికి కోపమే మిగిలింది.

రెండు కాలేజీలూ కళ్ళతో చూసి తేల్చుకోవాలని సెప్టెంబర్‌లో టికెట్లు చూస్తున్నాం. మాకు ఆఫీస్‌లో పండగ సీజన్ ముందు సెలవు దొరకదు, మీనాకి స్కూల్లో ఉద్యోగం కొత్త. ఎలాగో మేమే చూసుకుంటాం.

హర్షవర్ధన్


ప్లెయిన్స్‌బరో,
ఆగస్టు 24, 2011

హర్షా,

నిన్న మధ్యాహ్నం ఇక్కడ భూమి కదిలింది. ల్యాబ్‌లో సీసాలన్నీ గలగలమన్నాయి, అందరం పార్కింగ్‌లోకి పరిగెత్తాం. వర్జీనియాలో భూకంపమట. అంత దూరంలో కదిలితే ఇక్కడిదాకా ఎందుకొచ్చిందని ఒక్కరూ చెప్పలేకపోయారు, అందరూ పీహెచ్‌డీలే. ఉజ్వలకి తెలిసుంటుందని అప్పుడు అనిపించింది. రాళ్ళ చదువుని వెక్కిరించినందుకు దానికి నా తరఫున సారీ చెప్పు.

లడ్డూల సంగతి తప్పే. వ్రతానికొచ్చిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి సరిదిద్దాను. విశ్వనాథంగారు మాత్రం "వస్తుంది లెండి" అని బుట్ట వెనక్కి తీసుకోనన్నారు.

ఒక మాట నీకు చెప్పలేదు. సంతకం పెట్టించకు అని మొదట ఎందుకంత గట్టిగా రాశానో తెలుసా? జూన్‌లో ఆశిష్ నాతో అన్నాడు, "ఏడేళ్ళ మెడిసిన్‌కి సంతకం పెట్టింది నువ్వమ్మా, నేను కాదు" అని. పెన్ను వాడి చేతిలోనే ఉందిరా. కానీ వాడన్నది అబద్ధం కాదు. ఫారం నేనే నింపాను, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను, వాడు పెట్టాడు. అప్పటినుంచీ మాట్లాడటం తగ్గించాడు. మీ మంచి కబురు వినగానే ఎక్కడలేని సంతోషం ఎందుకొచ్చిందో, ఎందుకు ఊరంతా చాటానో నీకిప్పుడు అర్థమవుతుందనుకుంటాను. మనింట్లో ఒక పిల్లకైనా తను కోరుకున్నది దొరికిందని.

ఉజ్వలని నా దగ్గరికి పంపు. నేను తీసుకెళ్తాను. నోరు మూసుకునే ఉంటాను.

అక్క


బెంటన్‌విల్,
సెప్టెంబర్ 6, 2011

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీనా చదివి, "వదినకి టికెట్ వివరాలు రాయండి" అని మాత్రం అంది. కళ్ళు తుడుచుకుంది.

ఉజ్వల ఇరవై రెండో తేదీ సాయంత్రం నువార్క్‌లో దిగుతుంది. మర్నాడు పొద్దున థార్న్‌లీ, సాయంత్రానికి ఎల్డర్‌బ్రిడ్జ్. ఆ రాత్రికి టీమ్ పిల్లలతో డార్మ్‌లో ఉంటుంది, నువ్వు హోటల్లో. మూడు విషయాలు. అది బాగా తింటుంది, చూసి ఆశ్చర్యపోకు. భుజాల గురించి, పెళ్ళి గురించి ఒక్క మాటా వద్దు. కోచ్‌లతో నువ్వు మాట్లాడకు.

భూకంపం సంగతి: తూర్పువైపు రాయి పాతదీ, గట్టిదీనట, అందుకే కంపనం చాలా దూరం పోతుందట. ఇది చెప్పడానికి అది నలభై నిమిషాలు తీసుకుంది. నేను నీకు రెండు వాక్యాల్లో చెప్పాను.

హర్ష


ప్లెయిన్స్‌బరో,
సెప్టెంబర్ 27, 2011

హర్షకీ, మీనాకీ,

పిల్ల క్షేమంగా చేరిందని తెలిసింది. ఇప్పుడు తీరిగ్గా అంతా రాస్తాను.

కారు ఆశిష్ నడిపాడు. నేను అడగలేదు. ఉజ్వల వస్తోందని గురువారం సాయంత్రం హాస్టల్‌నుంచి ఇంటికొచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర ఉజ్వల నాలుగో దోసె వేయించుకుంటూ, "నువ్వు కూడా రావొచ్చు కదా, అత్తయ్య హైవే మీద నలభైలో వెళ్తుంది" అంది. వాడు నవ్వాడు. ఎన్ని నెలలైందో వాడు నవ్వగా చూసి. శుక్రవారం క్లాసు మానేసి వచ్చాడు.

థార్న్‌లీ నిజంగానే ఫొటోలో ఉన్నట్టే ఉంది. పచ్చిక, రాతి మెట్లు, గంటస్తంభం. కోచ్ మర్యాదస్తుడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు, రెండుసార్లు "ఎమిలీ" అని పిలిచాడు. ఉజ్వల మొదటిసారి ఊరుకుంది, రెండోసారి తన పేరు చెప్పింది. నేను మూలన నోరు కట్టేసుకుని కూర్చున్నాను. అప్పుడది కాగితం తీసి అడిగిందిరా, నేను ఇంటర్వ్యూలో కూడా అంత సూటిగా అడగలేను: "నేను ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేస్తే మీరు అడ్మిషన్స్‌కి నా పేరు చెప్తారా?" ఆయన "నువ్వు అప్లై చేస్తే మాకు సంతోషం" అన్నాడు. "మీ లిస్ట్‌లో నాకంటే ముందు ఎంతమంది త్రోయర్లు ఉన్నారు?" అంది. ఆయన "ఇద్దరు. నీకు అబద్ధం చెప్పను" అన్నాడు. ఇది థాంక్యూ చెప్పి చెయ్యి కలిపింది. నాకాయన మీద కూడా గౌరవం కలిగింది.

కార్లో ఉజ్వల ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఆశిష్ ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆపి దానికి చిప్స్ కొనిపెట్టాడు.

ఎల్డర్‌బ్రిడ్జ్ చేరేసరికి నాలుగు. బ్రెనన్ పార్కింగ్‌లోనే నిలబడి ఉంది. పొట్టిమనిషి, ఉంగరాల జుట్టు, గొంతు మాత్రం రైల్వే స్టేషన్‌లో మైకులా ఉంటుంది. "ఉజ్వలా!" అని మన వాళ్ళు పిలిచినట్టే పిలిచింది. ముందు గ్రౌండ్‌కి కాదు, జియాలజీ ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. అక్కడ ఒక పెద్దాయన, ప్రొఫెసర్. మాది విశాఖపట్నమని చెప్పగానే అల్మరా తెరిచి ఎర్రటి రాయి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఖోండలైట్ అట. ముప్ఫై ఏళ్ళ కిందట మన కొండల మీద తిరిగి ఏరుకున్నాడట! సింహాచలం మెట్లెక్కుతూ మనం కూర్చునేవాళ్ళం కదా, అదే రాయి. నేనెన్నడూ దాని పేరు అడగలేదు. ఉజ్వల నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి పోయి చూస్తూ నిలబడిపోయింది. ఆయనా, అదీ మాట్లాడుకుంటుంటే మేమిద్దరం బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం.

ఆ బెంచీ మీద నేను ఆశిష్‌ని అడిగాను. "నీకు మెడిసిన్ ఇష్టం లేకపోతే మానెయ్యరా. ఆ రోజు నేను నిన్ను అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే." వాడు చెట్లకేసి చూస్తూ, "మాననమ్మా. ఇష్టమే. అడిగుంటే ఇంకా ఇష్టంగా ఉండేది, అంతే" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇంక నేనేం రాయను.

శనివారం పొద్దున గ్రౌండ్. టీమ్ పిల్లలు పదకొండుమంది, రాత్రంతా కబుర్లు చెప్పుకున్నారేమో ఒకళ్ళ మీద ఒకళ్ళు వాలిపోతున్నారు. నీకిచ్చిన మాట ఇక్కడ తప్పాను. బ్రెనన్‌ని అడిగాను: "రేపు ఈ పిల్లకి చెయ్యి విరిగితే? లేదా విసరడం మీద ఇష్టం పోతే? సీటు తీసేస్తారా?" ఆవిడ నవ్వలేదు. "సీటొస్తే అది ఉజ్వలది, నాది కాదు. విసరకపోయినా ఇక్కడే చదువుకుంటుంది. కానీ ఒకటి, నేను నా మాట ఇవ్వగలనే తప్ప సీటు ఇవ్వలేను. ఇచ్చేది అడ్మిషన్స్. నేను పేరు పెట్టిన పిల్లల్లో చాలామందికి వచ్చింది, అందరికీ కాదు" అంది. ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆ తర్వాత జరిగింది ఉజ్వల మీకు చెప్పే ఉంటుంది, అయినా నా వైపునుంచి వినండి. రూల్ ప్రకారం ఆ రోజు ఉజ్వల విసురుతుంటే కోచ్ చూడకూడదట. "మేనత్తల మీద మాత్రం ఏ రూలూ లేదు" అంది బ్రెనన్, నా చేతిలో గుండు పెట్టి. నాలుగు కిలోలు! చుడీదార్, స్నీకర్స్, చున్నీ నడుముకి బిగించాను. ఉజ్వల నా మోచెయ్యి పట్టుకుని సరిచేసింది. "మెడకి ఆనించు అత్తయ్యా, నెట్టాలి, విసరకూడదు." నెట్టాను. ఏడడుగుల రెండంగుళాలు. పదకొండుమందీ గంతులేశారు. ఆశిష్ నేలమీద కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు. నా కుడిభుజం ఇవాళ్టికీ జండూబామ్‌లోనే ఉంది.

తిరుగుప్రయాణంలో పిల్ల తన మనసులో ఏముందో చెప్పింది. అది నేను రాయను. తనే చెప్తుంది.

మీ
పద్మిని


బెంటన్‌విల్,
అక్టోబర్ 7, 2011

అక్కా,

ఏడడుగుల రెండంగుళాలకి మా ఇల్లంతా దండం పెట్టింది. కానీ నాకు నిద్ర పట్టడం లేదు.

ఉజ్వల ఏమీ చెప్పడం లేదు. అడిగితే "కొంచెం టైమ్ ఇవ్వండి నాన్నా" అంటోంది. గోడ మీద థార్న్‌లీ ఫొటో అలాగే ఉంది. నువ్వేమో "రాయను" అని రాశావు. నాకు అర్థమైంది ఏమిటంటే, నువ్వు దానికి పేరున్న కాలేజీయే పట్టుకోమని చెప్పుంటావు. థార్న్‌లీకి సంతకం పెట్టి, అక్కడ కోచ్ మాటసాయం లేక సీటు రాకపోతే ఏమవుతుందో తెలుసా? ఎల్డర్‌బ్రిడ్జ్‌లో నాలుగు పేర్లూ అప్పటికే నిండిపోతాయి. రెండూ పోతాయి. ఇంకా వారమే ఉంది. నువ్వేమన్నావో దయచేసి ఉన్నదున్నట్టు చెప్పు.

హర్ష


ప్లెయిన్స్‌బరో,
అక్టోబర్ 11, 2011

హర్షా,

ఏమీ అనలేదు! నాలుగు గంటలు కార్లో నోరు మూసుకుని కూర్చున్నాను. నా జన్మలో అదే రికార్డు, మీ బావని అడుగు. నేను ఒక్కసారి ఒక పిల్లాడికి వేలితో చూపించి ఏం పోగొట్టుకున్నానో నీకు రాశాను కదా. మళ్ళీ ఆ పని చేస్తాననుకున్నావా?

గోడ మీద ఫొటోని చూసి కాకుండా పిల్ల మొహం చూసి అడుగు.

పద్మిని


బెంటన్‌విల్,
అక్టోబర్ 30, 2011

అక్కా,

క్షమించు. ముందే రాయాల్సింది. కానీ రాయొద్దని ఆంక్ష ఉంది, ఇవాళే ఎత్తేశారు.

పద్నాలుగో తేదీ సాయంత్రం ఉజ్వల మీనానీ నన్నూ సోఫాలో కూర్చోబెట్టింది. తను నిలబడింది. "నేను రెండు ఫోన్లు చేశాను, ఇప్పుడు మీకు చెప్తున్నాను" అంది. మొదటి ఫోన్ థార్న్‌లీ కోచ్‌కి. తను అప్లై చేయడం లేదని, ఉన్నమాట చెప్పినందుకు థాంక్స్ అని. రెండోది బ్రెనన్‌కి. వస్తానని.

"ముందే మాకు చెప్పొచ్చు కదమ్మా, మేం వారం రోజులు అల్లాడిపోయాం" అన్నాను.

"మీకు చెప్తే కంగ్రాచ్యులేషన్స్ అంటారు నాన్నా. అత్తయ్య లడ్డూలు చేస్తుంది. అందరూ హ్యాపీ అయిపోయాక నాకు డౌట్ వస్తే ఎలా చెప్పను? అందుకే ఎవరూ హ్యాపీ అవకముందు నేను ఒక్కదాన్నే వారం ఉన్నా. డౌట్ రాలేదు."

మీనా అడిగింది, "పెద్దపేరు వదులుకున్నానని తర్వాత బాధపడవు కదా?" అని.

"అమ్మా, నా చెయ్యి పని చెయ్యకపోతే ఎక్కడ ఉండాలని అనిపిస్తుందీ అని ఆలోచించా. అత్తయ్య అడిగిన క్వశ్చన్ అది. థార్న్‌లీలో నాకు మెట్లు నచ్చాయి. ఎల్డర్‌బ్రిడ్జ్‌లో ఆ రాక్ ల్యాబ్‌లోంచి నాకు రావాలనిపించలేదు."

నేను నీకు కోచ్‌తో మాట్లాడకని రాశాను చూడు. నా మాట వినకపోవడమే మేలైంది.

ఫారం మీద ముందు తనే సంతకం పెట్టింది. తర్వాత పెన్ను నాకిచ్చింది. నేనూ పెట్టాను. నీకు ఒకటే షరతు: డిసెంబర్ దాకా ఎవరికీ చెప్పొద్దు. ముఖ్యంగా ప్లెయిన్స్‌బరోలో.

నీ తమ్ముడు
హర్ష


ప్లెయిన్స్‌బరో,
నవంబర్ 21, 2011

హర్షా,

నిన్న పార్క్‌లో కార్తీక వనభోజనాలు. రెండువందల మంది. విశ్వనాథంగారు వచ్చి, "మన షాట్‌పుట్ అమ్మాయి సంగతేమైంది?" అన్నారు. నేను నోట్లో గారె పెట్టుకున్నాను. కృష్ణకుమారిగారు అడిగారు. ఇంకో గారె. అలా తొమ్మిది గారెలు తిన్నానురా. మీ బావ భయపడి మజ్జిగ తెచ్చిచ్చారు. చెప్పలేదు. ఉజ్వలకి ఈ సంగతి తెలియజెయ్యి, మేనత్త మాట మీద నిలబడుతుందని.

ఆశిష్ ఆదివారాలు తనే ఫోన్ చేస్తున్నాడు. మొన్న అనాటమీ గురించి ముప్పావుగంట చెప్పాడు. నాకు సగం అర్థం కాలేదు, ఎంత బావుందో.

అక్క


బెంటన్‌విల్,
డిసెంబర్ 15, 2011

అక్కా,

నీకు ఫోన్‌లో ఉజ్వలే చెప్పింది, నాకు తెలుసు. మొదటి ఫోన్ నీకే చేసింది. అయినా ఇక్కడ జరిగింది నీకు రాయాలనుంది.

జవాబు సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్లో వస్తుందన్నారు. నేను ఆఫీస్‌నుంచి మూడింటికే వచ్చేశాను. మీనా దేవుడి దగ్గర దీపం పెట్టింది, అది కొండెక్కుతుందేమోనని అక్కడే నిలబడింది. ఉజ్వల మాత్రం వాకిట్లో పక్కింటి పిల్లలకి సైకిల్ చైన్ వేసిపెడుతోంది. చేతులకి గ్రీజుతోనే వచ్చి మోచేత్తో కీ నొక్కింది. తెర మీదది చదివింది. తర్వాత తెలుగులో అంది, "నాన్నా, వాళ్ళు నన్ను రమ్మన్నారు." సీటొచ్చింది అనలేదు. రమ్మన్నారు అంది.

నేను దాన్ని ఎత్తుకోబోయాను. నావల్ల కాలేదు. అదే నన్ను ఎత్తేసింది. మీనా ఫొటో తీసింది, ఉత్తరంతో పెడుతున్నాను. గాల్లో ఉన్నది నేనే.

బ్రెనన్ ఫోన్ చేసి అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. ఇంకో విషయం: ఆవిడ పెట్టిన నాలుగు పేర్లలో ముగ్గురికే సీటొచ్చిందట. ఒకమ్మాయికి రాలేదు.  ఉజ్వల అది విని ఆ అమ్మాయి ఎక్కడుంటుందో అడిగి తెలుసుకుంది, ఏదో రాసి పంపుతుందట.

ఇప్పుడు సందడి తగ్గింది. బెంటన్‌విల్‌నుంచి ఆ కాలేజీ పదమూడువందల మైళ్ళు. మ్యాప్ తీసి కూర్చున్నాను. ఇంతవరకూ దాని ఒక్క మీట్ నేను మానలేదక్కా, ఏడో క్లాసునుంచీ. ఇక ఏడాదికి ఒకటో రెండో చూస్తానేమో. నీకు అది నాలుగు గంటల దారి. నేను చూడలేనివి నువ్వు చూడు. ఎంత దూరం పడిందో ఒక్కటే కాదు, విసిరాక దాని మొహం ఎలా ఉందో కూడా రాయి.

హర్ష


ప్లెయిన్స్‌బరో,
డిసెంబర్ 22, 2011

ఒరేయ్ తమ్ముడూ,

ఫొటో ఫ్రిజ్ మీద అతికించాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. ఇప్పుడు చూపించొచ్చుగా!

బ్రెనన్‌కి ఫోన్ చేశాను. కోప్పడకు, అనుమతి ఉజ్వలే ఇచ్చింది. మీట్ జరిగేటప్పుడు మేనత్తలు ఎక్కడ కూర్చోవాలని అడిగాను. ఆవిడ కొంచెం ఇబ్బందిగా, "అందరూ పరుగులే చూస్తారు. గుండు విసిరే చోటు వెనకాల ఎక్కడో ఉంటుంది. అక్కడ బెంచీలు కూడా ఉండవు, చూడ్డానికి ఎవరూ పెద్దగా రారు" అంది.

నిన్న వెళ్ళి రెండు మడతకుర్చీలు కొన్నాను. ఒకటి నాది. రెండోది కారు డిక్కీలోనే ఉంటుంది, నీకు సెలవు ఎప్పుడు దొరికితే అప్పటికి.

అక్క
పద్మిని